37 డిగ్రీలే ఎందుకు? మా ల్యాబులకి చల్లబరిచే మిషన్ ఒక్కటైనా ఇప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మొన్న ఆదివారం మీ సైన్స్ పేజీలో బతికున్న కణం అక్కర్లేకుండా ప్రోటీన్లు తయారు చెయ్యడం గురించి ఆర్టికల్ వేశారు, చాలా సంతోషమేసింది, ఇలాంటి సంగతి తెలుగులో చదవడం మాకు అరుదు, మా పిల్లలైతే ఇంట్లో వాళ్ళకి ఏం చదువుతున్నారో చెప్పలేక ప్రోటీన్ పౌడర్ తయారీ అని చెప్పేసి ఊరుకుంటారు. కానీ ఆ ఆర్టికల్ మొత్తంలో ప్రోటీన్ ఎంత ఎక్కువొచ్చింది, ఎంత తొందరగా వచ్చింది అనే ఉంది, ఎన్ని డిగ్రీల దగ్గర చేశారు, వచ్చిన దాంట్లో నిజంగా పనిచేసేది ఎంత అన్న మాట ఒక్కటి కూడా లేదండి. నేను విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో బయోటెక్నాలజీ చెప్తాను, కాంట్రాక్ట్ లెక్చరర్‌ని, రెండేళ్ళ నుంచి మా పిల్లలతో కలిసి ఈ పని మీదే కూర్చున్నాను కాబట్టి ఈ విషయం గురించి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

ముందు అసలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఈ-కోలై అనే బాక్టీరియాని పెంచి, అది జోరుగా పెరుగుతున్న టైంలో ఆపేసి, ఐస్ మీద పెట్టి సోనికేటర్‌తో, అంటే శబ్ద తరంగాలు వదిలే మిషన్‌తో పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే మిషన్‌లో గట్టిగా తిప్పితే గోడలూ చెత్తా అడుక్కి పోతాయి, పైన లేత పసుపు రంగులో చిక్కటి ద్రవం మిగుల్తుంది, దాన్నే మేము ఎక్స్‌ట్రాక్ట్ అంటాం. కణం చచ్చిపోయినా దాని లోపలి సామాను, అంటే ప్రోటీన్ని కట్టే రైబోజోములూ, వాటికి అమైనో యాసిడ్లు మోసుకొచ్చే టీఆర్ఎన్ఏలూ, ఎంజైములూ అన్నీ ఆ ద్రవంలో బాగానే ఉంటాయి. దానికి మనకి కావాల్సిన జీను, ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి 20 అమైనో యాసిడ్లు, శక్తినిచ్చే ఏటీపీ, కొంచెం మెగ్నీషియం, పొటాషియం కలిపితే చిన్న ట్యూబులోనే ప్రోటీన్ తయారైపోతుంది. ఇదేం కొత్త సంగతి కాదు, ఈస్ట్ కణాల్ని నలిపి తీసిన రసం కూడా పంచదారని పులియబెడుతుందని 1897లోనే బుఖ్నర్ చూపించాడు, 1961లో నీరెన్‌బర్గ్, మథాయ్ ఇద్దరూ ఇలాంటి ఈ-కోలై ఎక్స్‌ట్రాక్ట్‌లోనే జెనెటిక్ కోడ్‌లో, అంటే జీనులో ఉన్నది ప్రోటీన్‌గా మారే భాషలో మొదటి మాట చదివారు, ఆ కోడ్ మొత్తం విప్పినందుకే 1968లో నీరెన్‌బర్గ్‌తో పాటు మన ఖొరానా గారికి కూడా నోబెల్ వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్న దాని దగ్గరికి వస్తా. ఈ రియాక్షన్ ఎక్కడ చూసినా 30 డిగ్రీల దగ్గర గానీ 37 దగ్గర గానీ పెడతారు. ఈ-కోలై మన పేగుల్లో బతికేది కాబట్టి దానికి 37 ఇష్టం, అందుకని మనం కూడా అక్కడే పెడతాం, పుస్తకంలో అదే ఉంటుంది, ప్రాక్టికల్ రికార్డులో అదే రాస్తారు, ఎగ్జామినర్ వచ్చి అదే అడుగుతాడు. కానీ మనం చేయించుకునే ప్రోటీన్ ఈ-కోలైది కాదు కదండీ! చేపదో మనిషిదో మొక్కదో అయ్యుంటుంది, దానికి మడత పడ్డానికి కొంచెం టైం కావాలి. ప్రోటీన్ అంటే పొడుగు దారం లాంటిది, అది సరిగ్గా మడత పడితేనే పనిచేస్తుంది. 37 దగ్గర రైబోజోమ్ గబగబా దారం వదిలేస్తుంది, సగం మడతలో ఉన్న దారాలు ఒకదానికొకటి అతుక్కుని పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోయి అడుక్కి దిగిపోతాయి. లెక్కకి మాత్రం బోలెడు ప్రోటీన్ వచ్చినట్టే, ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసే జెల్ మీద వేస్తే లావుపాటి గీత కనిపిస్తుంది, ఫొటో తీసి పెట్టుకోవచ్చు, కానీ పనికొచ్చేది గోరంతే. అదే చల్లగా 20 దగ్గరో 16 దగ్గరో పెడితే వచ్చేది తక్కువే గానీ వచ్చింది చాలావరకు నిలబడుతుంది, ఎందుకంటే రైబోజోమ్ నిమ్మళంగా నడుస్తుంది, దారాలు ఒకదానికొకటి అతుక్కునే గుణం చల్లదనంలో తగ్గుతుంది, ప్రోటీన్లని కొరికేసే ఎంజైములు కూడా నెమ్మదిస్తాయి.

దీన్ని కళ్ళతో చూసిన రోజు గురించి చెప్తాను. జెల్లీ ఫిష్‌లో పచ్చగా మెరిసే ప్రోటీన్ ఒకటుంది, జీఎఫ్‌పీ అంటారు, 1962లో షిమొమురా అనే జపాన్ ఆయన దాని గురించి మొదట చెప్పాడు, 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ జెల్లీ ఫిష్ ఉండేది అమెరికా పడమటి తీరంలో చల్లటి సముద్రంలో, అందుకే ఆ ప్రోటీన్ అసలు రకం 37 దగ్గర సరిగ్గా మడత పడదు, చల్లగా ఉంటేనే మెరుస్తుంది. ఇప్పుడు అందరూ వాడేది మార్చిన రకాలు, అవి వేడిలో కూడా మెరుస్తాయి కాబట్టి ఈ తేడా పిల్లలకి కనపడదు. మేము కావాలనే పాత రకం జీను తీసుకున్నాం. మా దగ్గర చల్లబరిచే ఇంక్యుబేటర్, అంటే ట్యూబుల్ని అనుకున్న డిగ్రీల దగ్గర నిలిపి ఉంచే పెట్టె లేదు, మే నెల, విశాఖలో ఆ ఉక్కపోత సంగతి మీకు తెలీంది కాదు, రూములోనే 34 ఉంది. పెదజాలారిపేట నుంచి వచ్చే మా స్టూడెంట్ ఒకమ్మాయి పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కెళ్ళి రొయ్యలు పెట్టే థర్మోకోల్ పెట్టె ఒకటీ, గోనెలో చుట్టిన ఐసూ తెచ్చింది. పెట్టెలో నీళ్ళు పోసి, థర్మామీటర్ దించి, ఐస్ ముక్కలు వేస్తూ 20 దగ్గరికి తెచ్చాం, ఇంకో ముక్క వేస్తే 17కి పడిపోతుంది, పది నిమిషాలు చూడకపోతే 22 అయిపోతుంది. పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం వరకు పిల్లలు వంతులేసుకున్నారు, రాత్రికి మా వాచ్‌మన్ బాబాయ్‌కి అప్పజెప్పి వెళ్ళాం, ఆయన గంటగంటకీ లేచి ముక్క వేసి, ఎన్ని డిగ్రీలుందో క్యాలెండర్ వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టాడు, ఆ కాగితం ఇప్పటికీ మా ల్యాబ్ గోడ మీద ఉంది.

మర్నాడు పొద్దున 37 దగ్గర ఉంచిన ట్యూబూ, 20 దగ్గర ఉంచిన ట్యూబూ రెండూ పక్కపక్కన పెట్టాం. 37 దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున సున్నం చుక్కలా తెల్లటి ముద్ద, పైన నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. 20 దాన్ని తిప్పితే అడుగున దాదాపు ఏమీ లేదు. దొంగనోట్లు చూసే యూవీ లైటు ఒకటి పక్క షాపు నుంచి అడిగి తెచ్చి, కిటికీలు మూసి వేశాం. 37 ట్యూబు మసగ్గా ఉండిపోయింది. 20 ట్యూబు లేత చింతాకులా పచ్చగా వెలిగింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, ట్యూబు చేతిలో పట్టుకుని అలా చాలాసేపు చూస్తూ ఉండిపోయింది, తర్వాత మూత తీసి కాసేపు గాలి తగలనిచ్చి మళ్ళీ చూద్దాం సార్ అంది, జీఎఫ్‌పీ మెరవాలంటే ఆక్సిజన్ కావాలని ఎప్పుడో క్లాసులో చెప్పింది గుర్తుపెట్టుకుంది. పదకొండేళ్ళ నా ఉద్యోగంలో నాకు దొరికిన మంచి రోజుల్లో అదొకటండి.

మరి అంత బాగుంటే అందరూ చల్లగానే చెయ్యొచ్చు కదా అంటారేమో. చెయ్యలేకపోవడానికి కారణాలున్నాయి, రీసెర్చ్ జరగాల్సింది కూడా అక్కడే. చలికాలంలో పెరుగు తోడుకోదు కదా, అలాగే ఇక్కడ కూడా పది డిగ్రీలు తగ్గిస్తే పని వేగం సగానికి పైగా పడిపోతుంది, ఇది తప్పదు, టైం ఎక్కువిచ్చి సర్దుకోవాలి. దానికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. జీను నుంచి కాపీ అయి వచ్చే ఎంఆర్ఎన్ఏ చల్లదనంలో తన మీద తనే మడతలు పడిపోయి బిగుసుకుపోతుంది, రైబోజోమ్ కూర్చోవాల్సిన చోటు ఆ మడతలో దాక్కుంటుంది, రైబోజోమ్‌కి అసలు మొదలుపెట్టడానికే దారి దొరకదు. మేము పెట్టెలో ఐస్ ఇంకా వేసి 12 దగ్గర పెడితే ఏమీ రాకపోవడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

దీనికి మందు కూడా ఈ-కోలై దగ్గరే ఉంది. బాక్టీరియాని 37 నుంచి ఒక్కసారిగా 10, 15 డిగ్రీల్లోకి దింపితే కొన్ని గంటలు పెరగడం మానేస్తుంది, అన్ని ప్రోటీన్ల తయారీ తగ్గిపోతుంది, కానీ సీఎస్‌పీఏ అనే చిన్న ప్రోటీన్ని మాత్రం విపరీతంగా తయారు చేస్తుంది, అప్పుడు తయారయ్యే మొత్తం ప్రోటీన్లలో పదో వంతుకి పైగా అదొక్కటే ఉంటుంది. హార్బర్ దగ్గర పొద్దున్నే వలలు ముందేసుకుని కూర్చుని చిక్కులు తీసే వాళ్ళని చూసుంటారు, సీఎస్‌పీఏ చేసే పని సరిగ్గా అదే, ఎంఆర్ఎన్ఏని గట్టిగా పట్టుకోదు, వదులుగా పట్టుకుని మళ్ళీ మడత పడకుండా చూస్తుంది, దాంతో పాటు గట్టి మడతల్ని విప్పే హెలికేజ్ ఎంజైములు, రైబోజోముల్ని చలికి సిద్ధం చేసేవి ఇంకొన్ని బయటికొస్తాయి. ఇంకో విచిత్రం చూడండి, ఈ సీఎస్‌పీఏ జీను ఎంఆర్ఎన్ఏకి ముందు 159 అక్షరాల తోక ఉంది, అది వేడిలో ఒక రకంగా మడత పడుతుంది, చల్లదనంలో ఇంకో రకంగా, ఆ చల్లటి మడతలో రైబోజోమ్ కూర్చునే చోటు బయటికి తెరుచుకుంటుంది, అంటే చలి తగిలితే దానికదే తెరుచుకునే తలుపన్నమాట. ఆ తోకని మన జీనుకి ముందు తగిలిస్తే మన ప్రోటీన్ కూడా చలిలో తయారవుతుంది, బతికున్న బాక్టీరియాలో వాడే కోల్డ్ షాక్ వెక్టర్లు, అంటే జీనుని లోపలికి మోసుకెళ్ళే డీఎన్ఏ ముక్కలు, ఈ కిటుకు మీదే నడుస్తున్నాయి. సెల్-ఫ్రీలో, అంటే కణం లేకుండా ట్యూబులో చేసే మా పద్ధతిలో ఇంకా సుళువు, ఎందుకంటే కణం గోడ లేదు, కావాల్సింది బయటినుంచి కలిపెయ్యొచ్చు, సీఎస్‌పీఏ విడిగా చేసుకుని కలపొచ్చు, లేదంటే బాక్టీరియాని పగలగొట్టే ముందే కాసేపు చలిలో ఉంచి, అది తన చలి సామానంతా తయారు చేసుకున్నాక పగలగొడితే ఎక్స్‌ట్రాక్ట్‌లోనే అన్నీ ఉంటాయి. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం, ఖర్చు తక్కువ, మన పిల్లలు చెయ్యగలరు.

ఎనర్జీ సంగతి కూడా చెప్పాలి. చల్లగా అంటే గంటలు కాదు, రాత్రంతా నడవాలి, అంతసేపూ ఏటీపీ అయిపోకుండా నింపుతూ ఉండాలి. అందుకు చాలామంది వాడేది క్రియేటిన్ ఫాస్ఫేట్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది ఎవరో తెలుసు కదండీ, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు! నేను ఆ సీసా తీసిన ప్రతిసారీ పిల్లలకి ఆయన పేరు చెప్తాను. అయితే అది ఖర్చవుతున్న కొద్దీ ఫాస్ఫేట్ పేరుకుపోతుంది, అది మెగ్నీషియంని లాగేసుకుంటుంది, మెగ్నీషియం తగ్గితే రైబోజోమ్ కుదురుగా ఉండదు, ఎక్కువైనా ఇబ్బందే. అందుకే 37కి కుదిరిన మెగ్నీషియం లెక్కని తెచ్చి 16కి అలాగే వాడేసి చల్లగా చేస్తే రాదు అని తేల్చెయ్యకూడదు, ప్రతి ఎక్స్‌ట్రాక్ట్‌కీ ప్రతి టెంపరేచర్‌కీ మళ్ళీ మొదట్నుంచి టైట్రేట్ చేసుకోవాల్సిందే, అంటే కొంచెం కొంచెం మార్చి వేసి ఎంత సరిపోతుందో చూసుకోవాల్సిందే, విసుగు పని, కానీ ఇదే చాలా చోట్ల వదిలేస్తున్నారు.

ఈ-కోలై ఒక్కటే దారి కూడా కాదు. గోధుమ గింజలోని బీజం నుంచి తీసే ఎక్స్‌ట్రాక్ట్ 15 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది, జపాన్‌లో ఎహిమే యూనివర్సిటీ వాళ్ళు 2000లో ఆ బీజాన్ని బాగా కడిగి, చుట్టూ ఉండే పిండిలోని విషపు ప్రోటీన్ పోగొట్టి, రియాక్షన్ రోజుల తరబడి నడిచేట్టు చేశారు. అంటార్కిటికా సముద్రంలో దొరికిన ఒలీస్పిరా అనే బాక్టీరియాలో మడతలు సరిచేసే ప్రోటీన్లు రెండున్నాయి, వాటి జీన్లు పెడితే మామూలుగా 8 డిగ్రీల కింద పెరగలేని ఈ-కోలై 4 డిగ్రీల దగ్గర కూడా పెరిగిందని 2003లో చూపించారు. ఆ రెండు ప్రోటీన్లని సెల్-ఫ్రీ ట్యూబులో కలిపి చూడాలని మా పిల్లల కోరిక.

ఇక మా కష్టం. ల్యాబుల్లో ఉండే మామూలు ఇంక్యుబేటర్ వేడి చెయ్యడమే గానీ చల్లబరచలేదు, రూము 34 ఉంటే అది 20కి రాదు, ఇది చాలామందికి తెలీదు. చల్లబరిచేదాన్ని మన దగ్గర బీఓడీ ఇంక్యుబేటర్ అంటారు, నీళ్ళ కాలుష్యం టెస్టు కోసం కొంటారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మేము పనిచేసే చోట పక్క డిపార్ట్‌మెంట్‌లో ఒకటుంది, కానీ అందులో ఎప్పుడూ వాటర్ శాంపిళ్ళే, మూడు రోజులు 27 దగ్గర కదపకుండా ఉంచాలి, మా కోసం 16కి మార్చమని అడిగే మొహం మాకు లేదు, వాళ్ళ పని కూడా అవసరమైందే. చల్లబరిచే షేకర్, అంటే చల్లగా ఉంచుతూ ఫ్లాస్కుల్ని కదిపే మిషన్ కోసం రెండుసార్లు ఇండెంట్ పెట్టాను, రెండుసార్లూ ఇంక్యుబేటర్ ఆల్రెడీ ఉంది కదా అని రాసి వెనక్కి పంపారు. అది వేడి చేసేది, ఇది చల్లబరిచేది, రెండూ వేరు అని లెటర్ రాశాను, కలిసి చెప్పాను, ఫైలు అలాగే ఉంది. చలిలో ఉంచిన బాక్టీరియా నుంచి ఎక్స్‌ట్రాక్ట్ తీద్దామని ఫ్లాస్కుని ఐస్ నీళ్ళ టబ్బులో పెట్టి పిల్లలు వంతులేసుకుని చేత్తో గంటసేపు తిప్పారు. మొదటిసారి 12 డిగ్రీల ట్యూబులో సన్నగా పచ్చ కనిపించింది, ఎగిరి గంతేశారు. రెండోసారి ఏమీ రాలేదు, మూడోసారీ రాలేదు. టబ్బులో 10 ఉందో 18 ఉందో నిమిషనిమిషానికీ మారుతుంటే ఏది నిజమో ఎలా చెప్తాం? ఆ ఫలితాన్ని నేను ఎవరికీ చూపించలేను, పిల్లలకి మాత్రం ఇది మీ తప్పు కాదు అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇదంతా విశాఖకి ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. ఈ ఎక్స్‌ట్రాక్ట్‌ని నీరు తీసేసి పొడి చేస్తే ఫ్రిజ్ లేకుండా దాచుకోవచ్చు, దాన్ని కాగితం మీద ఎండబెట్టి చుక్క నీళ్ళేస్తే మళ్ళీ లేచి పనిచేస్తుందని 2014లో చూపించారు, 2016లో అలాంటి కాగితాలతోనే జికా వైరస్‌ని పట్టే టెస్టు చేశారు. పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్ ఉంది, టెస్టు కిట్లు చేసే వాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. ఇక్కణ్ణించి ఘాట్ ఎక్కితే పాడేరు, చింతపల్లి, లంబసింగి. డిసెంబర్ తెల్లవారుజామున లంబసింగిలో సున్నా దగ్గరికి పడిపోతుంది, పగలు కూడా చలే. 37 కోసం తయారైన కిట్ అక్కడ పనిచెయ్యాలంటే హీటర్ కావాలి, హీటర్‌కి కరెంటు కావాలి, ఊరవతల గూడేల్లో ఆశా కార్యకర్త బ్యాగులో ఆ హీటర్ ఎక్కణ్ణించి వస్తుంది? 15 డిగ్రీల దగ్గర దానంతటదే పనిచేసే ఎక్స్‌ట్రాక్ట్ ఉంటే ఏ మిషనూ లేకుండా ఆ టెస్టు అక్కడే చేసుకోవచ్చు. ఇలాంటి అవసరం మన ఏజెన్సీకి ఉందని మనం తప్ప ఇంకెవరు గుర్తుపెట్టుకుని చేస్తారండీ?

కాబట్టి నా విన్నపం ఏంటంటే, జిల్లాకి ఒక్కటైనా చల్లబరిచే షేకర్, ఒక సోనికేటర్, మైనస్ 80 ఫ్రీజర్ ఉన్న ల్యాబ్ ఒకటి అన్ని కాలేజీలకీ కలిపి పెట్టమని మీ పేపర్ ద్వారా అధికారుల దృష్టికి తీసుకెళ్ళండి, స్లాట్ బుక్ చేసుకుని మేమే వస్తాం, కెమికల్స్ మేమే తెచ్చుకుంటాం. సిలబస్ కమిటీల్లో ఉన్న పెద్దలు ఎవరైనా ఇది చదివితే, ఎమ్మెస్సీ ప్రాక్టికల్‌లో 37తో పాటు 20 కూడా పెట్టించి, రెండు ట్యూబుల్లోనూ అడుగున ఎంత పోయింది, పైన ఎంత మిగిలింది రెండూ రాయించండి, మొత్తం ఎంత వచ్చింది అని ఒక్కటే రాయిస్తే పిల్లలకి తప్పు లెక్క అలవాటవుతుంది. మీరు కూడా వచ్చేసారి ఇలాంటి ఆర్టికల్ వేసినప్పుడు ఎన్ని డిగ్రీల దగ్గర చేశారో ఒక్క లైను రాయించండి. మా ప్రోటోకాల్, మెగ్నీషియం టైట్రేషన్ లెక్కలు, రాని ప్రయోగాల వివరాలతో సహా ఏ కాలేజీ వాళ్ళు అడిగినా ఇస్తాను, మీ ఆఫీసుకి రాస్తే నాకు అందేట్టు చూడండి చాలు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఫైనలియర్. థర్మోకోల్ పెట్టెలో చేపల తొట్లకి వాడే చిన్న మోటారు పెట్టి, 16 దగ్గర నిలబడేట్టు ఏదో కడుతోంది, పోయిన వారం ఆరు గంటలు ఒక డిగ్రీ తేడాతో నిలబెట్టింది. పరీక్షలయ్యాక నాలుగోసారి చేద్దాం సార్ అంటోంది, ఐస్ నేనే తెస్తానని చెప్పాను.

ఇట్లు,
ఒక బయోటెక్నాలజీ లెక్చరర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం